బాటసారి తిండి - ఊరి సంస్కృతి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయక నిలిచినదనగా అది ఆ పల్లె కంతటికిని గౌరవము. గ్రంథాలయమునకు వచ్చు పాఠకుడు కూర్చున్న చోటు కదలకయే దేశములు తిరిగి వచ్చును. బాటసారి పూర్వము కాలినడకను, ఎడ్లబండి మీదను, నేడు బస్సులోను, రైలులోను తిరిగి అదే పని చేయును. పాఠకుడు అక్షరములద్వారా లోకమును తెలిసికొనగా, బాటసారి కన్నులతోను, చెవులతోను, నాలుకతోను తెలిసికొనును. కన్నులు చూచిన గుడి గోపురములను గూర్చియు, చెవులు విన్న పాటలను గూర్చియు గ్రంథములు పెక్కు వెలసినవి. నాలుక తెచ్చిన జ్ఞానమునకు మాత్రము పండితులలో చిన్నచూపు మిగిలియున్నది. ఆ చిన్నచూపు న్యాయమైనదా యని విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

పరాయి ఊరికి పోయినవాడు ఆ ఊరి వీధిలో, సంతలో, జాతరలో అమ్ముచుండు తిండిని గౌరవముతో కొని తిని, దాని పేరును, చేయు విధమును అడిగి తెలిసికొన్నచో, ఆ ఊరి పంట, నీరు, శ్రమ, పండుగ, నలుదిక్కుల నుండి వచ్చిన రాకపోకలు అన్నియు అతనికి తెలియవచ్చును. ఆ తిండి మరుగున పడినచో దానితోపాటు ఈ జ్ఞానమంతయు మరుగున పడును. ఉత్తర తెలంగాణములో, అందును చెన్నూరు ప్రాంతములో, ఈ మాటకు దృష్టాంతములు వీధివీధిని దొరకును.

ఈ మార్గము కొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామము’ సుమారు ఆరు వందల యేండ్ల నాటి రచన. అందు మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రు లిరువురు ఓరుగల్లు వీధులలో తిరుగుదురు. బేరములు, ఆటలు, పాటలు, దేవతల కొలువులు చూచుచు, నడుమ పూటకూటి యింట భోజనము మాట తలపెట్టుదురు. ఒక్క రూక యిచ్చినచో ఎట్టి భోజనము దొరకునో కవి వివరముగా చెప్పినాడు. రాజుల విజయములను, దానములను చెప్పు శాసనములు అనేకములు కలవు. ఓరుగంటి వీధిలో బాటసారి యేమి తినెనో, దానికి వెల యెంతయో తెలియుటకు మాత్రము ఇటువంటి కావ్యములే దిక్కు. సురవరము ప్రతాపరెడ్డి గారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ యందు ఇట్టి కావ్యములను వెదకి, జల్లించి, సామాన్య ప్రజల తిండిని, బట్టను, ఆటపాటలను చరిత్రలో చేర్చినారు. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. తిండిని గూర్చిన విచారము పండితులకు తగనిది కాదని దీనివలన తేలుచున్నది.

అన్ని ప్రయాణములు ఇట్లే ఫలించలేదు. శ్రీనాథ మహాకవి పలనాటి సీమకు పోయి, అచ్చటి జొన్నకూటిని చూచి పరిహసించినట్లు చాటువులు ప్రచారములో నున్నవి. అవి ఆయనవే యైనను, ఇతరులవే యైనను, అందులోని దృష్టి మాత్రము లోకములో నేటికిని కలదు. సన్నబియ్యపు అన్నమునకు అలవాటుపడిన నాలుక జొన్నను చూచి నవ్వును. నీరు చాలని మెట్టనేలలో జొన్నయే ప్రాణాధారమన్న సంగతి ఆ నవ్వులో వినబడదు.

దీనికి వేరుగా ప్రయాణించినవారు ఏనుగుల వీరాస్వామయ్య గారు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీ ఉద్యోగము చేసిన ఆయన 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, హైదరాబాదు, నిర్మల, నాగపూరుల మీదుగా పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. ఆయన వ్రాసికొన్న దినచర్య 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర అచ్చయినది. ఏ మజిలీలో మంచినీరు కలదు, ఎచ్చట అంగళ్లున్నవి, ఏ సామగ్రి దొరకును, జనుల నడవడి యెట్టిది అను సంగతులను ఆయన శ్రద్ధగా గుర్తించినారు. ఆదిలాబాదు అడవి దారి నాడెట్లుండెనో తెలియగోరువారికి ఆ పుటలు నేటికిని ఉపయోగపడుచున్నవి. చూచినదానిని నవ్వులాటకు తీసికొనక వ్రాసిపెట్టుట చేతనే ఈ మేలు కలిగినది.

ఇక చెన్నూరు సంగతి. ఈ పట్టణము 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ సంవత్సరము అక్టోబరు 11న ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో నేడు చేరియున్నది. గోదావరి యిచ్చట ఉత్తర దిశగా తిరిగి ప్రవహించుటచే ఈ తావును ఉత్తరవాహిని యని భక్తులు సేవింతురు. అగస్త్యేశ్వరుని ఆలయ మిచ్చట కలదు. నిజామాబాదు నుండి జగిత్యాల, ధర్మపురి, లక్షెట్టిపేట, మంచిర్యాల మీదుగా వచ్చు 63వ సంఖ్య జాతీయ రహదారి చెన్నూరు దాటి, ప్రాణహిత కావలనున్న మహారాష్ట్రములోని సిరొంచ చేరి, అక్కడినుండి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూరు వరకు పోవును. గోదావరి ప్రాణహితలు కాళేశ్వరము కడ కలియును. ఒక వంక వరిపొలములు, ఒక వంక పత్తి, మిరప చేలు, ఒక వంక బొగ్గు గనులు, ఉత్తరమున గోండు, కొలాము ప్రజల అడవులు ఉన్నవి. ఇన్ని కలిసిన చోట తిండియు నానావిధములుగా నుండుట సహజము.

ఈ సీమలో బాటసారి మొదట అడిగి తినదగినది సర్వపిండి. దీనిని కొన్ని తావుల గిన్నప్ప యనియు, కొన్ని తావుల తపాలచెక్క యనియు పిలుతురు. బియ్యపు పిండిలో నానిన సెనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారము, ఉప్పు కలిపి ముద్దచేసి, నూనె రాసిన గుండ్రని గిన్నె లోపల అంచుల వరకు పలుచగా అద్దుదురు. వ్రేలితో నడుమ నడుమ రంధ్రములు చేసి, అందులో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్తురు. ఒక చెక్క తీసిన వెంటనే వేడి గిన్నెకు మరల పిండి అద్దుట సాధ్యము కాదు, అది చల్లారవలయును. కావుననే ఇంటియిల్లాలు రెండు మూడు గిన్నెలు మార్చి మార్చి వాడును. సర్వ అను పాత్రలో చేయుటచే ఆ పేరు వచ్చినదని కొందరు, సర్వమును కలుపుటచే వచ్చినదని కొందరు చెప్పుదురు. ఒక్క వంటకమునకు మూడు పేర్లుండుటయే అది ఎన్ని ఊళ్ల పొయ్యిల మీద కాలినదో తెలుపుచున్నది.

రెండవది సకినములు. సంక్రాంతికి కొత్త బియ్యము ఇల్లు చేరగానే వానిని నానబెట్టి, దంచి, జల్లించి, తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు చేర్చుదురు. శుభ్రమైన గుడ్డ పరచి, పిండిని వ్రేళ్ల నడుమ మెలి తిప్పుచు చుట్టుమీద చుట్టు వేసి, కొంత తడి ఆరిన పిమ్మట నూనెలో కాల్తురు. ఒక్కరు చేయు పని కాదిది. వాడకట్టులోని ఆడువారు ఈనా డొకరి యింట, రేపొకరి యింట చేరి చుట్టుదురు. మాటలు, పాటలు, సంబంధముల ముచ్చట్లు ఆ గుడ్డ చుట్టునే సాగును. నేడు కరీంనగరము మొదలగు పట్టణములలో ఈ సకినములు అంగడి సరుకై, అమెరికాలోని పిల్లలకు సహితము మూటలు కట్టి పంపబడుచున్నవి. వ్యాపారము పెరుగుట మంచిదే. అనేక స్త్రీలకు జీవనాధారము దొరకినది. కాని కొనినవాడు పిండివంటను మాత్రమే కొనగలడు. వాడకట్టు కూడికను కొనలేడు. ఆ సంగతి తెలిసి తినుట వేరు, తెలియక తినుట వేరు.

వానకాలములో దారి పొడవున మక్కకంకుల పొయ్యిలు కనబడును. నిప్పుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పుకారము రుద్ది యిత్తురు. లేత గింజలను రుబ్బి మక్కగారెలు చేయుదురు. ముదిరిన గింజలను ఉడికించి గుడాలు చేయుదురు. రవ్వగా విసరి గటక వండుదురు. ఒకే గింజ నెల మారిన కొలది రూపము మార్చును. తొలి ఏకాదశికి పేలాల పిండి, ఎండకాలమున అంబలి, సంతలో బొబ్బెర గుడాలు, సాయంకాలము మిరపకాయ బజ్జి, పెండ్లి పందిరికి ముందు అటుకుల చుడువ, ఇట్లు ఋతువును, పనిని అనుసరించి తిండి నడచుచుండును. పంచాంగము తెలియని పరదేశి సహితము వీధిలో అమ్ముచున్నదానిని చూచి మాసమును ఊహింపగలడు.

జొన్నరొట్టె కథ ప్రత్యేకముగా చెప్పదగినది. గోధుమ పిండిలో నుండు బంక జొన్నలో లేదు. కావున వేడినీళ్లతో కలిపి, ఆలస్యము చేయక అరచేతులతో తట్టవలయును. ఆ నేర్పు చేతులకు ఏండ్ల తరబడి పట్టుబడినది. పూర్వము మెట్టపొలముల యింటింట పొద్దున గటకయో, రాత్రి రొట్టెయో తప్పక యుండెడిది. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు కాలువలు క్రమముగా కరీంనగరపు భూములకు నీరిచ్చినవి, వరి పెరిగినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినది. ఆ బియ్యము పేదవాని కడుపు నింపినది. ఆ మేలు చిన్నది కాదు. అయితే దానితోపాటు అన్నము తినువాడు గొప్పవాడనియు, జొన్న తినువాడు లేనివాడనియు ఉన్న పాతభావము మరింత బలపడినది. చుట్టము వచ్చినచో జొన్నరొట్టెను దాచి అన్నము వండినవారు ఎందరో కలరు.

కాలము మరల తిరిగినది. మధుమేహము పెరిగిన పట్టణములలో వైద్యులు చిరుధాన్యములను తినుడని చెప్ప మొదలిడినారు. భారత ప్రభుత్వము 2018ని జాతీయ చిరుధాన్య సంవత్సరముగాను, ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగాను ప్రకటించినవి. నేడు తెలంగాణపు పట్టణములలో సాయంకాలము దారి ప్రక్కన స్త్రీలు పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చుచుండగా ఉద్యోగస్థులు వరుసలో నిలిచి కొనుచున్నారు. తల్లులు సిగ్గుపడి దాచినదానిని బిడ్డలు వెలపెట్టి తెచ్చుకొనుచున్నారు. ఈ నడుమ రెండు తరముల పిల్లలకు రొట్టె తట్టు నేర్పు అందలేదు. గింజ దొరకును, పిండి దొరకును. చేతి నేర్పు అంగడిలో దొరకదు.

ఉత్తరమున అడవిలోనికి పోయిన కొలది తిండికి దేవతలతో సంబంధము మరింత గాఢమగును. గోండు ప్రజలు కొత్త పంటను దైవమునకు నివేదించిన పిదపనే తాము తినెడి ఆచారము కలవారు. పుష్య అమావాస్యనాడు కేస్లాపూరులో జరుగు నాగోబా జాతరకు మెస్రం వంశీయులు జన్నారము దగ్గరి హస్తలమడుగు నుండి గోదావరి జలమును కాలినడకన కొనిపోవుదురు. ఎండకాలపు తొలిదినములలో ఇప్పచెట్ల క్రింద తెల్లవారుజామున రాలిన పూలను ఏరుట అడవి గూడెముల వారికి ముఖ్యమైన పని. ఇప్పపువ్వు అనగానే సారాయి మాత్రమే తలచువారు పెక్కుమంది. ఆ పువ్వు తియ్యనిది. ఎండబెట్టి నిలువయుంచి వంటలలో వాడదగినది. ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముచున్నారు. తెలియక అపహాస్యము చేయబడిన వస్తువు తెలిసినవారి చేతిలో గౌరవము పొందుట కిది దృష్టాంతము.

జాతరలలోను ఇట్లే. మేడారము సమ్మక్క సారలమ్మల కడ బెల్లమును బెల్లమనరు, బంగారమందురు. మొక్కుకొన్నవారు తమ బరువుకు సరిపడిన బెల్లమును అర్పించి, కొంత ప్రసాదముగా ఇంటికి తెచ్చి పంచుదురు. ఆ మాట తెలియనివాడు జాతరలో బంగారము తూచుచున్నారని విని భ్రమపడును. బతుకమ్మ తొమ్మిది దినములలో అటుకులు, ముద్దపప్పు, నానిన బియ్యము, అట్లు మొదలుగా వేరు వేరు నైవేద్యములు కలవు. సద్దుల నాడు రొట్టె, బెల్లము కలిపిన మలీద ముద్దలను చెరువుగట్టున ఒకరికొకరు పంచుకొందురు. వెల లేని వీధితిండి యిది. పరాయి యూరి ఆడపడుచు దారిన పోవుచున్నను ఆమె దోసిట ఒక ముద్ద పడును.

ఇంతవరకు చెప్పినదానిని విని, స్థానికమనగా బయటినుండి ఏమియు రానిదని తలచుట పొరపాటు. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. అంతకుముందు ఈ దేశపు కారము మిరియాలదే. పల్లీలు, మక్కలు సహితము ఆ ఖండపు పంటలే. సీతమ్మ పేరు పెట్టుకొన్న సీతాఫలము పుట్టిల్లును అదియే. జొన్న సహితము వేల యేండ్ల క్రిందట ఆఫ్రికా నుండి వచ్చిన గింజ. సమోసా పారసీక, మధ్య ఆసియా దేశముల నుండి వచ్చినది. సర్వపిండిలోనుండి పల్లీని, మిరపను తీసివేసినచో దాని రుచి సగము పోవును. వచ్చినదానిని తన పొయ్యి మీద పెట్టి, తన పేరిచ్చి, తన పండుగలో చేర్చుకొనుటయే ఒక ప్రాంతపు సంస్కృతి. ఈ దృష్టిలో చూచినచో ఊరి తిండిని గూర్చి గర్వించుటకును, పొరుగూరి తిండిని ద్వేషించుటకును పొత్తు కుదరదు.

బొగ్గు పట్టణములను చూచినవారికి ఈ సంగతి ఇంకను స్పష్టమగును. 1929లో కాజీపేట బల్హార్షాల నడుమ రైలుమార్గము పూర్తియై మద్రాసు ఢిల్లీలకు సూటిగా దారి యేర్పడినది. సింగరేణి గనులు బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపురము, శ్రీరాంపురములలో పెరిగిన కొలది అనేక ప్రాంతముల నుండి కార్మికులు వచ్చి స్థిరపడినారు. గని మూడు షిఫ్టులలో నడచును. హోటలు పొయ్యియు దానితోపాటు నడచును. తెల్లవారక మునుపే ఇడ్లీ, పూరీ, చాయ సిద్ధము కావలయును. కోస్తా ఇడ్లీ, ఉత్తరాది పూరీ, హైదరాబాదు చాయ ఒకే బల్ల మీదికి చేరినవి. ఆ బల్లయే అక్కడి చరిత్ర.

తిండితోపాటు తిను పాత్రయు ఒక పాఠమే. మోదుగాకులతో కుట్టిన విస్తర్లు, దొప్పలు ఈ అడవి సీమకు సహజమైనవి. ఆకు కోయువారికి, కుట్టువారికి కూలి దొరకును. తిని పారవేసిన పిమ్మట అవి మన్నులో కలియును. వానిని ప్లాస్టిక్ పళ్లెములు వెనుకకు నెట్టినవి. ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులలో పళ్లెములు, చెంచాలు మొదలగువానిని భారత ప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. అదే సంవత్సరము ఏప్రిల్ 13 నుండి 24 వరకు ప్రాణహిత పుష్కరములు జరిగినవి. అర్జునగుట్ట, కాళేశ్వరము మొదలగు రేవులలో వేలకొలది జనులు స్నానము చేసినారు. గోదావరి పుష్కరములు 2015లో జరిగినవి. మరల 2027లో రానున్నవి. నాడు నదిగట్టున అమ్ము ప్రతి పులిహోర పొట్లము ఆకు దొప్పలో నుండవలయునా, నది అడుగున పేరుకొను పొట్లములో నుండవలయునా యని ఇప్పుడే తలచుట ఈ ప్రాంతపు పెద్దలకు తగును.

వీధిలో తినుటకు ఇంకొక గొప్ప విశేషము కలదు. పూర్వపు పూటకూటి యిండ్లలోను, ఊరి హోటళ్లలోను అందరకును ఒకే బల్ల, ఒకే గ్లాసు దొరకలేదు. కులమును బట్టి వేరు గ్లాసు పెట్టిన దురాచారము తెలుగుదేశపు పల్లెలలో బహుకాలము నిలిచినది. 1950 జనవరి 26 నుండి అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసి, 15వ అధికరణమున అంగళ్లు, హోటళ్లు అందరకును తెరచియుండవలెనని శాసించినది. శాసనము మనస్సులలో దిగుటకు దారి ప్రక్కని బజ్జీల బండియు కొంత సాయపడినది. బస్సు బయలుదేరు తొందరలో ప్రక్కవాని కులమడుగువాడు లేడు. ఒకే మూకుడులోని బజ్జి అందరి చేతిలోను పడును. ఈ గుణమును కాపాడుకొనుట ఊరి బాధ్యత.

ఆ మూకుడు వెనుక నిలిచిన మనిషిని గూర్చియు చెప్పవలయును. తెల్లవారుజామున లేచి పిండి రుబ్బి, కట్టెలు మోసి, ఎండలో పొయ్యి ముందు నిలిచి, పది రూపాయల వస్తువు అమ్ము స్త్రీ చేతిలో రాత్రికి మిగులునది స్వల్పము. అందులోను గిరిగిరి అప్పు కంతు ముందుగా పోవును. 2014లో పార్లమెంటు వీధి విక్రేతల జీవనోపాధి రక్షణ చట్టమును చేసినది. 2020లో కరోనా మూలమున బస్సులు, సంతలు, జాతరలు ఆగిపోయినప్పుడు మొదట చల్లారినవి ఈ పొయ్యిలే. ఆ యేడే పట్టణపు వీధి వర్తకులకు తొలి విడత 10,000 రూపాయల అప్పిచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము ఆరంభించినది. చట్టము, అప్పు ఉన్నను, కొనువాని మర్యాద లేనిదే వారి బ్రతుకునకు గౌరవము రాదు. పెద్ద హోటలులో అడిగినంత యిచ్చి, బండి కడ రెండు రూపాయలకు బేరమాడుట సంస్కారము కాదు.

కాబట్టి బాటసారికి కొన్ని నియమములు చెప్పవచ్చును. ఊరు చేరగానే తనకు తెలిసిన తిండి యెచ్చట దొరకునని అడుగుటకు ముందు, ఈ ఊరిది ఏమున్నదని అడుగవలయును. ఆ ఋతువులో పండినదానిని, కన్నుల యెదుట వేడిగా దిగినదానిని తినవలయును. నల్లబడిన నూనెను, మూతలేని నీటిని విడువవలయును. శుచిని కోరుట అవమానించుట కాదు. రుచి నచ్చనిచో ఊరకుండవచ్చును గాని నవ్వరాదు. చేసినవారిని “అక్కా, దీని పేరేమి? ఎట్లు చేయుదురు?” అని అడిగినచో, చెప్పువారికి సంతోషము, వినువారికి లాభము. ఫోనులో బొమ్మ తీయుటకు ముందు అనుమతి అడుగుట మర్యాద.

ఆతిథ్యమిచ్చు ఊరికిని నియమము కలదు. వచ్చినవారు మెచ్చరేమోయను భయముతో తన తిండిని దాచుకొనరాదు. ప్రతి ఊరి బస్సు స్టాండులోను ఒకే రకపు నూడుల్సు, ఒకే రకపు పొట్లములు దొరకినచో, ప్రయాణికుడు నూరు ఊళ్లు తిరిగినను ఒక్క ఊరినే చూచినట్లగును.

ఇందు గ్రంథాలయమునకు పని యేమని ఎవరైన అడుగవచ్చును. తెలంగాణములో తెలుగు కవులు పూజ్యమని ఒకప్పుడు ఒక మాట పుట్టినది. సురవరము ప్రతాపరెడ్డి గారు వాదములతో కాలము గడపక, ఊరూర కవులను వెదకి, 354 మంది కవుల వివరములతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించినారు. వ్రాసిపెట్టనిదానిని లేదనుట లోకరీతి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దల కాలము నుండి తెలుగు గ్రంథాలయము పుస్తకములను పంచుటయే గాక, జారిపోవుచున్నదానిని పట్టి నిలుపు పనియు చేసినది.

ఆ పని యిచ్చట నేడే ఆరంభింపవచ్చును. గ్రంథాలయపు బల్ల మీద ఒక తెల్లకాగితముల పుస్తకము ఉంచినచో చాలును. ఊరిలోని వృద్ధస్త్రీలు చెప్పగా బడిపిల్లలు వ్రాయవలయును. గటకకు రవ్వ యెంత, నీరెంత. సర్వపిండిని ఏ కట్టెల సెగ మీద కాల్చిరి. ఏ పండుగకు ఏ నైవేద్యము. పరికి, మొర్రి, తునికి పండ్లు ఏ నెలలో ఏ గుట్టన దొరకెడివి. సంతలో ఎవరేమి అమ్మెడివారు. ఒక్కొక్క వస్తువునకు ఇతర గ్రామములలో నున్న పేరేమి అను సంగతులు అందు చేరవలయును. ప్రయాణము చేసి వచ్చిన ప్రతి చందాదారుడును తాను పోయిన ఊరి తిండిని గూర్చి ఒక పుట వ్రాయవలయును. చదువురాని అవ్వ సహితము గ్రంథకర్త్రి యగు పుస్తకము అది. దానికి వ్యయము స్వల్పము. ఆలస్యము మాత్రము తగదు. ఏలయన ఆ వివరములు తెలిసినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

వీరాస్వామయ్య గారి దినచర్య దాదాపు ఇన్నూరేండ్లకు పిమ్మట చదువబడుచున్నట్లే, ఈ పల్లెపిల్లలు వ్రాసిన పుటలును స్వర్ణోత్సవమునాటి పాఠకులకు పనికివచ్చును.